బొమ్మ చేపలతో జనాన్ని భయపెట్టవచ్చా? 1978 ‘పిరానా’ నుంచి ఏం తీసుకోవచ్చు?

ప్రశ్న: ఊరి చెరువులో మనుషుల్ని చంపే చేపలు అనే పాయింట్ మీద చిన్న హారర్ థ్రిల్లర్ రాసుకున్నాను. నిర్మాత దగ్గర డబ్బు తక్కువ, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) మాటే ఎత్తొద్దంటున్నాడు. ఈమధ్య 1978లో వచ్చిన ‘పిరానా’ అనే హాలీవుడ్ సినిమా చూశాను. రబ్బరు చేపలతోనే లాగించేశారు. ఇప్పుడు అలా తీస్తే జనం నవ్వరా? ఉన్న కాస్త డబ్బు ఎక్కడ పెట్టాలి?

జవాబు:

చేపను తీరిగ్గా చూపిస్తే నవ్వుతారు. అప్పుడైనా నవ్వేవాళ్లే. మీరు చూసిన సినిమానే మళ్లీ పెట్టుకుని, దాడి సీన్లలో చేప స్పష్టంగా కనిపించే షాట్లు ఏరి చూడండి. ఒక్కొక్కటి రెప్ప వేసేలోగా అయిపోతుంది. మిగతాదంతా నురగ, బుడగలు, ఎర్రనీళ్లు, కొట్టుకునే కాళ్లు, అరుపులు. నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర బతికేవాణ్ని. నీళ్లలో తీసిన సీన్ల రష్ (ఎడిట్ చేయని షాట్లు) చాలానే చూశాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను. మీ అసలు సమస్య చేప కాదు. నీళ్లలో చావు ఉందని తెలిశాక కూడా మనుషులు నీళ్లలోకి ఎందుకు దిగుతారన్నదే సమస్య. దానికి స్క్రిప్టులో జవాబు ఉంటే రబ్బరు చేప చాలు. లేకపోతే కోట్లు పోసి సీజీ చేయించినా, వెనక వరసలో ఒకడు ‘ఒడ్డున కూర్చుంటే పోయేదానికి’ అంటాడు. హాలంతా అక్కడితో చేజారిపోతుంది.

ఈ మాట నా సొంతం కాదు. ‘పిరానా’ స్క్రిప్టు చేతికొచ్చినప్పుడు జాన్ సేల్స్‌కు ఎదురైన మొదటి చిక్కు ఇదే. అప్పటికి ఆయన కథలు, నవలలు రాసుకునే మనిషి. నిర్మాత రోజర్ కోర్మన్ నడిపే న్యూ వరల్డ్ పిక్చర్స్ వాళ్లు, రిచర్డ్ రాబిన్సన్ రాసిన పాత స్క్రిప్టు ఇచ్చి తిరగరాయమన్నారు. ఆ పాత దాంట్లో జనాన్ని నీళ్లలోకి దింపడానికి ఒకచోట ఎలుగుబంటి తరుముతుంది, ఇంకోచోట అడవి అంటుకుంటుంది. చేపల సినిమాలో చేపల దగ్గరికి పంపడానికి ఎలుగుబంటి కావలసి వచ్చిందంటే కథ ఎక్కడ కుంటుతోందో అర్థమవుతుంది కదా.

సేల్స్ ఏం చేశాడో గమనించండి. కనిపించకుండా పోయిన ఇద్దరు కుర్రాళ్ల కోసం మ్యాగీ అనే అమ్మాయి వస్తుంది. కొండల్లో ఒంటరిగా తాగుతూ బతికే గ్రోగన్‌ను వెంటబెట్టుకుని, మూతపడిన సైనిక పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. అక్కడ ఒక కొలను. శవాలు అడుగున ఉన్నాయేమో చూద్దామని వీళ్లే ఆ నీళ్లు వదిలేస్తారు. వియత్నాం యుద్ధంలో శత్రువుల నదుల్లో వదలడానికి పెంచిన, చల్లటి నీళ్లను తట్టుకునే పిరానాలు ఆ నీళ్లతోపాటు నదిలో కలుస్తాయి. అంటే ప్రమాదాన్ని వదిలింది విలన్ కాదు, హీరో హీరోయిన్లు. ఇక ఒడ్డున కూర్చునే హక్కు వాళ్లకు లేదు. పైగా కింద వేసవి శిబిరంలో గ్రోగన్ కూతురు ఉంది. ఇంకా కిందకి పోతే కొత్తగా తెరుస్తున్న వాటర్ రిసార్ట్. జీపు పోయింది కాబట్టి కబురు చెప్పాలన్నా నది మీదే దుంగల తెప్పతో వెళ్లాలి. పైన ఉన్నవాళ్లకు తెలుసు, కింద ఉన్నవాళ్లకు తెలియదు, మధ్యలో నది పారుతోంది. టెన్షన్ అంతా ఈ ఏర్పాటులోనే ఉంది. చేప కనిపించని సీన్‌లో కూడా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ స్క్రిప్టుకు వద్దాం. ‘ఊరి చెరువు’ అన్నారు. ఒక్క చెరువు అంటే మూసిన గది. మొదటి చావు తర్వాత ఊళ్లో దండోరా వేయిస్తారు, ఎవరూ దిగరు, కథ అయిపోయింది. అందుకని ఒక చెరువును నాలుగు చెరువులు చేయండి. ఖర్చేమీ పెరగదు. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో ఉన్న గొలుసుకట్టు చెరువులు సరిగ్గా ఈ కథకే పుట్టినట్టుంటాయి. పై చెరువు నిండితే అలుగు దూకి కాలువలో పడి కింది చెరువుకు చేరుతుంది, అది నిండితే ఇంకా కిందికి. మీ హీరోనే తూము ఎత్తాలి. పొలం ఎండుతోందని ఎత్తాడో, తప్పిపోయిన మనిషి కోసం నీళ్లు దించాడో మీ ఇష్టం. ఆ రాత్రి పై చెరువులోది కాలువలోకి దిగింది. కింది ఊళ్లకు ఆ సంగతి తెలియదు.

జనాన్ని నీళ్లలోకి దింపడానికి ఎలుగుబంటి అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. అలుగు దూకుతుంటే చేపలు పట్టడానికి ఊరు ఊరంతా వలలు, బుట్టలు, చీరలు పట్టుకుని మోకాళ్ల లోతులో నిలబడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు మసక చీకట్లో ఆడవాళ్లు పూలు నీళ్లలో వదలడానికి దిగుతారు. ఇవి ఎవరూ వాయిదా వేయలేని రోజులు. ఆపమని చెప్పినవాడినే ఊరు తిడుతుంది. (పండగ సీన్ పెడితే మర్యాదగా తీయండి. అక్కడ రక్తం కంటే, పళ్లేలన్నీ ఒడ్డున వదిలేసి జనం వెనక్కి పరిగెత్తడమే బాగుంటుంది.) సేల్స్ కథలో రిసార్టు యజమాని, అందులో వాటా ఉన్న సైనికాధికారి విషయం తొక్కిపెడతారు. మీ దగ్గర ఆ పాత్రకు చేపల చెరువు కాంట్రాక్టు ఉంది. పెట్టుబడి నీళ్లలో ఉన్నవాడు నీళ్లు విషమని ఒప్పుకోడు.

బడ్జెట్ సంగతి. ‘పిరానా’ ఖర్చు 6-7 లక్షల డాలర్లని చెబుతారు. అదే వేసవిలో వచ్చిన ‘జాస్ 2’కు దాదాపు 2 కోట్ల డాలర్లయింది. తమ సొరచేప పక్కన ఈ చేపలేమిటని ‘జాస్’ సినిమాల స్టూడియో యూనివర్సల్ వాళ్లు కోర్టుకెక్కబోయారు కూడా. మొదటి ‘జాస్’ తీసిన స్పీల్‌బర్గ్ దీన్ని ముందే చూసి ముచ్చటపడటంతో ఆ ఆలోచన మానుకున్నారు. తర్వాత ఆయనే ఈ సినిమా దర్శకుడు జో డాంటేకు, 1984లో విడుదలైన ‘గ్రెమ్లిన్స్’ అప్పగించాడు. షూటింగ్ చాలావరకు టెక్సాస్‌లోని శాన్ మార్కస్ చుట్టుపక్కల జరిగింది. సినిమాలో కనిపించే వాటర్ రిసార్ట్ అక్కడ అప్పట్లో నిజంగా ఉన్న అక్వరీనా స్ప్రింగ్స్. సెట్ వేయలేదు. ఉన్న చోటునే కథలోకి లాక్కున్నారు. మీరు కూడా లొకేషన్ చూశాకే స్క్రిప్టు చివరి డ్రాఫ్టు రాయండి. తూము ఎటు తిరిగి ఉంది, కట్ట మీద బండి వెళ్తుందా, ఒడ్డున మర్రిచెట్టు ఉందా అనేవి ముందే తెలిస్తే సీన్లు వాటంతటవే పుడతాయి.

నీళ్ల కింది షాట్లు నదిలో తీయలేదు. లాస్ ఏంజెలస్‌లో ఒక యూనివర్సిటీ ఈతకొలనులో తీశారు. కర్రలకు రబ్బరు చేపలు గుచ్చి, ఫ్రేమ్ బయట నుంచి మనుషులు ఆడించారు. ఆ పని చేసిన కుర్రాళ్లెవరో చూడండి. రాబ్ బోటిన్‌కు అప్పటికి ఇరవై నిండలేదు, తర్వాత ‘ద థింగ్’ రాక్షస రూపాలు అతనివే. క్రిస్ వాలస్ ‘ద ఫ్లై’కి ఆస్కార్ అందుకున్నాడు. ఫిల్ టిపెట్ ‘జురాసిక్ పార్క్’ దాకా వెళ్లాడు. పేరున్నవాళ్లను తెచ్చే స్తోమత లేక, పనికోసం ఆకలిగా ఉన్నవాళ్లను తెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో ప్రోస్థెటిక్ మేకప్ నేర్చుకుని సీరియళ్లలో గాయాలు వేస్తూ కూర్చున్న పిల్లలు చాలామంది ఉన్నారు. పెద్ద పేరు కోసం వెతక్కండి.

బొమ్మను నీళ్లలో కదిపితే నీరు అడ్డుపడి అది బద్ధకంగా కదులుతుంది. అందుకే కెమెరా వేగం తగ్గించి తీస్తారు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి, 12 ఫ్రేముల్లో తీస్తే చేప రెట్టింపు వేగంతో దూసుకొస్తుంది. ఇప్పటి కెమెరాల్లో ఇదొక మెనూ సెట్టింగు. ఒక జాగ్రత్త: అదే షాట్‌లో మనిషి చెయ్యిగానీ మొహంగానీ ఉంటే చార్లీ చాప్లిన్ కామెడీలా ఉంటుంది. చేప షాట్ వేరు, మనిషి షాట్ వేరు. రెండూ కలిసేది ఎడిటింగ్‌లోనే.

ఈ సినిమా దర్శకుడే దాని ఎడిటర్లలో ఒకడు. జో డాంటే అంతకుముందు కోర్మన్ దగ్గర ట్రైలర్లు కట్ చేసేవాడు. నాసిరకం సినిమాలో బాగున్న నాలుగు షాట్లు ఏరి రెండు నిమిషాల్లో జనం చేత టికెట్ కొనిపించడం అతని రోజువారీ పని. రెండో ఎడిటర్ మార్క్ గోల్డ్‌బ్లాట్ తర్వాత ‘ద టెర్మినేటర్’ ఎడిట్ చేశాడు. వాళ్లు దాడి సీన్లు కట్టిన తీరు చూడండి. ముందు పైన నీళ్లు ప్రశాంతంగా, నవ్వులు. కింద కాళ్లు. మళ్లీ పైన మొహం, నవ్వు సగంలో ఆగింది. కింద ఏదో గీతలా వెళ్లింది. మొహం అరిచింది. అప్పుడు మొదలు ముక్కలు ముక్కలుగా కట్లు. ఆ నవ్వు ఆగిన షాట్ మీ దగ్గర లేకపోతే తర్వాత ఎన్ని చేపలు పెట్టినా లాభం లేదు. కాబట్టి సెట్లో ప్రతి నటుడి చేతా ‘ఏదో తగిలింది’ అనే రియాక్షన్ క్లోజప్‌లో విడిగా, రెండు మూడు రకాలుగా తీసుకోండి. ఖర్చు లేని పని. మా దగ్గరికి వచ్చే రష్‌లో ఎప్పుడూ లేనిది అదే. చేప షాట్లు గంటల కొద్దీ ఉంటాయి, మనిషి మొహం ఉండదు.

ఆ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చే సీన్ తెప్ప మీదిది. తెప్పను కట్టిన తాళ్లను చేపలు కింద నుంచి కొరుకుతుంటాయి. పైన కూర్చున్నవాళ్లకు మొదట తెలియదు. దుంగలు ఒకదానికొకటి దూరం జరగడం మొదలవుతుంది, ఒడ్డు ఇంకా దూరంగా ఉంది. ఎంత చవకో చూడండి. ఒక తాడు, నాలుగు దుంగలు, ముగ్గురు నలుగురు నటులు. చేపలు మనిషిని కరవనవసరం లేదు, మనిషికీ నీళ్లకీ మధ్య ఉన్నదాన్ని కరిస్తే చాలు. మీ కథలో దీన్ని పుట్టి మీద తీయొచ్చు. పుట్టి అడుగు కన్నం పడి, మధ్యలో చెంబుతో నీళ్లు తోడుతూ, ఆ నీళ్లతోపాటు ఏం వస్తుందో అని భయపడుతూ. తోడిన చెంబులో ఒక చిన్న చేప వస్తే? అక్కడ చేపను చూపించొచ్చు, చిన్నదే కాబట్టి.

ప్రయోగశాల సీన్‌లో టిపెట్ స్టాప్ మోషన్‌లో (బొమ్మను ఒక్కో ఫ్రేముకూ కొద్దికొద్దిగా కదిపి తీసే పద్ధతిలో) చేసిన ఒక వింత జీవి బల్లల వెనక నడుచుకుంటూ పోతుంది. దాని గురించి తర్వాత ఎవరూ మాట్లాడరు, కథకు అక్కర్లేదు. అయినా ఈ చోట ఇంకా ఏమేం తయారయ్యాయో అనే అనుమానం మనసులో పడిపోతుంది. డబ్బు మిగిలితే ఇలాంటి దాని మీద పెట్టండి, మిగలకపోతే వదిలేయండి.

శబ్దం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఆ సినిమాలో చేపల గుంపు వచ్చినప్పుడు పళ్ల డాక్టరు డ్రిల్లులాంటి సన్నటి గరగర వినిపిస్తుంది. నిజం చేపలు అలా చప్పుడు చేయవు, ఎవరికీ పట్టదు. రెండోసారి ఆ గరగర వినగానే తెర మీద ఖాళీ నీళ్లే ఉన్నా ఒళ్లు జలదరిస్తుంది. అక్కడి నుంచి సగం చేప షాట్లు మీకు మిగిలినట్టే. ఇంకో సంగతి, సౌండ్ ఎఫెక్ట్స్ చేసేవాళ్లకు తెలిసిందే: నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది, రెండు చెవులకూ దాదాపు ఒకేసారి అందుతుంది. అందుకే మునిగి ఉన్నప్పుడు చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో మనకు తెలియదు. దీన్ని వాడండి. తల నీళ్లపైన ఉన్నంతసేపు గరగర ఎడమవైపు నుంచి రానివ్వండి, తల మునగగానే అన్ని స్పీకర్ల నుంచీ ఒకేసారి. ప్రేక్షకుడికి కారణం తెలియదు, కానీ దిక్కు తోచదు. రీరికార్డింగ్‌లో ముందు నేపథ్య సంగీతం లేకుండా ఆ సీన్లు నడుస్తున్నాయో లేదో చూడండి. నడవకపోతే సంగీతం కూడా కాపాడదు.

ఇక నీళ్ల పని. ఈ విషయం తెలియక చాలా చిన్న సినిమాలు మునిగాయి. చెరువులో నీళ్ల కింద కెమెరా పెట్టాలని అస్సలు అనుకోకండి. మన చెరువుల్లో అడుగు దూరం కనిపించదు, నాచు, పాత వలలు, గాజుపెంకులు ఉంటాయి. పై షాట్లు చెరువులో, కింది షాట్లు ఈతకొలనులో. కొలను గోడలకు, అడుగుకు నల్ల టార్పాలిన్ పరిస్తే నీలిరంగు టైల్స్ పోతాయి, అంతు లేని లోతు వస్తుంది. అయితే కొలను నీళ్లు మరీ శుభ్రంగా ఉండి అబద్ధం చెబుతాయి. ‘జాస్’లో పడవలోంచి తల బయటపడే షాట్‌ను ఆ సినిమా ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్ ఇంటి కొలనులో తీసినప్పుడు నీళ్లలో పాలపొడి కలిపారు. ‘47 మీటర్స్ డౌన్’ వాళ్లు ట్యాంకులో బ్రకోలీ సన్నగా తరిగి వేశారు, సముద్రంలో తేలే నలుసుల్లా కనిపించడానికి. మీరు పాలపొడి కొద్దికొద్దిగా వేసి చూడండి. ఎక్కువైతే మళ్లీ నీళ్లు మార్చడం తప్ప దారి లేదు, కొలను అద్దెకిచ్చినవాడితో గొడవ.

ఎర్రరంగు నీళ్లలో అన్నిటికంటే ముందు మాయమవుతుంది. లోతుకు పోయేకొద్దీ రక్తం ముదురు ఆకుపచ్చగానో నల్లగానో కనిపిస్తుంది. ఎర్రగానే కావాలంటే లోతు తక్కువలో, లైటు దగ్గరగా పెట్టి తీయాలి. మాస్కు వేసుకున్న కంటికీ, ఫ్లాట్ గాజు వెనక కెమెరాకూ నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి అరచేతంత బొమ్మ చాలు, పెద్దవి చేయించి డబ్బు తగలేయకండి.

లైట్ల దగ్గర రాజీ పడొద్దు. నీళ్ల దగ్గర జనరేటర్ కరెంటు వద్దు, బ్యాటరీ లైట్లే వాడండి. మెయిన్స్ లైను తప్పనిసరైతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే బ్రేకర్) లేకుండా స్విచ్ వేయనివ్వకండి. ప్రతి షాట్‌కూ గజ ఈతగాడు ఫ్రేమ్ పక్కనే నీళ్లలో ఉండాలి, ఒడ్డున కాదు. నటులు గంటల కొద్దీ తడిస్తే వణుకు వస్తుంది, డైలాగు పోతుంది, కంటిన్యుటీలో మొహం రంగే మారిపోతుంది. రోజుకు నీళ్ల షాట్లు పొడి షాట్లలో సగం కూడా అవుతాయని లెక్క వేసుకోవద్దు. ‘జాస్’కు 55 రోజులు అనుకుంటే 159 రోజులు పట్టింది. స్టూడియోకు డబ్బుంది కాబట్టి తట్టుకుంది. ఉప్పునీళ్లలో పరీక్షించకుండా తెచ్చిన యాంత్రిక సొరచేప మొరాయిస్తే, స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండా పసుపుపచ్చ పీపాలతో నడిపాడు. ఆ పీపాలను గుర్తుపెట్టుకోండి. నీళ్లపైన తేలే ఏదో ఒక వస్తువు మీ కథకూ కావాలి. గాలం బెండు, ప్లాస్టిక్ బిందె, బతుకమ్మ పూలు ఏవైనా సరే, అవి ఉన్నట్టుండి ఎదురునీటికి కదిలితే చాలు.

జీవి ఏమిటన్నది మీరు రాయలేదు. పిరానా అయితే మానుకోండి. అది దక్షిణ అమెరికా నదుల చేప, మన చెరువుకు ఎలా వచ్చిందో చెప్పడానికే పది నిమిషాలు పోతాయి. పైగా దానికి ఉన్న పేరులో సగం కల్పన. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ బ్రెజిల్ అడవుల్లో తిరిగి 1914లో పుస్తకం రాస్తూ, ప్రపంచంలోకెల్లా క్రూరమైన చేప ఇదేనన్నాడు. అప్పటి నుంచి ఆ భయం పాకింది. శాస్త్రవేత్తలు చూసినదాని ప్రకారం అవి గుంపుగా తిరిగేది వేటకంటే ఎక్కువగా ఆత్మరక్షణకే, వాటిని తినడానికి మొసళ్లు, డాల్ఫిన్లు ఉన్నాయి. బ్రెజిల్‌లో మనుషుల్ని కరిచిన సందర్భాలు ఎక్కువగా ఆనకట్టలు కట్టి నీరు నిలిచిన చోట్ల, గుడ్ల దగ్గర కాపలా కాసే చేపలు పాదం మీద ఒక్క కాటు వేసి వదిలేసినవే. ఆ సంగతి మాత్రం మీకు పనికొస్తుంది. నీరు నిలిచాక చేప స్వభావం మారిందంటే ఎవరైనా నమ్ముతారు.

మన దగ్గర పిరానా చుట్టం ఒకటి ఉంది. ఆంధ్ర చెరువుల్లో పెంచే రూప్‌చంద్. ఎర్రటి పొట్ట చూసి దాన్నే పిరానా అనుకునేవాళ్లున్నారు. చేపల మార్కెట్‌లో ఒకటి కొని, నోరు తెరిచి చూడండి. మనిషి పళ్లలాంటి చదునైన పళ్లు వరసగా ఉంటాయి, సూదుల్లా కాదు. చూడగానే ఒళ్లు ఝల్లుమంటుంది. మీ బొమ్మ చేయించేవాడికి అదే నమూనాగా ఇవ్వండి. క్లోజప్‌కు ఆ చచ్చిన చేప నోరే సరిపోవచ్చు.

దానికంటే మంచిది దెయ్యం చేప. అక్వేరియం గాజు శుభ్రం చేస్తుందని తెచ్చుకుని, పెద్దయ్యాక జనం కాలువల్లో వదిలేసిన సక్కర్ క్యాట్‌ఫిష్. ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో పాతుకుపోయింది. ఒంటినిండా కవచంలాంటి పొలుసులు, ముళ్ల రెక్కలు, వలల్ని చీల్చేస్తుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ జాడలతో తూర్పు కనుమల ప్రాంతంలో ఇది ఎక్కడెక్కడ ఉందో వెతికారు. నిజానికి అది నాచు తినే చేప, మనిషి జోలికి రాదు. కానీ పేరు జనం నోట్లో ఇప్పటికే ఉంది, వలలు చిరిగిన కోపం మత్స్యకారుల్లో ఇప్పటికే ఉంది. మీ మొదటి సీన్ చిరిగిన వలతో మొదలుపెడితే ప్రేక్షకుడు ‘అది దెయ్యం చేప పనే’ అనుకుంటాడు. మీకు కావలసింది అదే. అసలుది వేరే ఉందని తర్వాత తెలుస్తుంది.

బతికిన చేపల్ని, గేదెల్ని, కుక్కని, దేన్ని వాడినా యానిమల్ వెల్ఫేర్ బోర్డు దగ్గర షూటింగుకు ముందే అనుమతి తీసుకోవాలి, తర్వాత ఎన్‌ఓసీ కావాలి. బోర్డు ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ఆ కాగితం లేకపోతే సెన్సార్ దగ్గర సినిమా ఆగిపోతుంది. రక్తం విషయంలోనూ ముందే ఒక మాట అనుకోండి. ‘ఎ’ సర్టిఫికెట్ వస్తే టీవీలో వేయడానికి లేదు, శాటిలైట్ డబ్బు పోయినట్టే. 2024 నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. 16+లో ఉండేలా కత్తిరించుకునే వీలున్న షాట్లు తీసుకోండి. ‘పిరానా’లో శిబిరం పిల్లల మీద కూడా చేపలు పడతాయి. మీరు ఆ జోలికి పోకండి.

బొమ్మలే లేకుండా తీసినవాళ్లూ ఉన్నారు. ‘ఓపెన్ వాటర్’ను క్రిస్ కెంటిస్, లారా లావ్ అనే భార్యాభర్తలు సొంత డబ్బు సుమారు లక్షా ఇరవై వేల డాలర్లతో, డిజిటల్ వీడియో మీద తీశారు. బహామాస్ దగ్గర నిజమైన సొరచేపల మధ్య నటుల్ని దించారు. నటుల వెట్‌సూట్ కింద ఇనుప గొలుసు తొడుగు ఉండేది. 2004 సన్‌డాన్స్ చిత్రోత్సవంలో లయన్స్‌గేట్ సంస్థ దాన్ని 25 లక్షల డాలర్లకు కొంది. ఆస్ట్రేలియాలో 2007లో వచ్చిన ‘బ్లాక్ వాటర్’ ఇంకో దారి. మడ అడవిలో పడవ తిరగబడి ముగ్గురు చెట్టెక్కుతారు, కింద మొసలి. సినిమాలో చాలా భాగం ఆ చెట్టు మీదే. మొసలి షాట్లు నిజం మొసళ్లవి, విడిగా తీసి కలిపారు. నీళ్లలోకి ఎందుకు దిగుతారన్న ప్రశ్నను వాళ్లు ‘చెట్టు దిగకుండా ఎన్నాళ్లు’ అని తిప్పి అడిగారు. మీ బడ్జెట్ ఇంకా పడిపోతే ఆ తిప్పడమే మంచి దారి. తూము గది పైకప్పు మీద నలుగురు, చుట్టూ నీళ్లు, ఒక రాత్రి.

‘పిరానా’ రెండో భాగం సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. జమైకాలో తీశారు, ఎగిరే చేపలు, దర్శకుడిగా జేమ్స్ కామెరాన్ పేరు. కొద్ది రోజులకే నిర్మాత ఆయన చేతిలోంచి పని లాగేసుకున్నాడు. ఎగిరే రబ్బరు చేపను వెలుతురులో చూపించారు, జనం నవ్వారు. దాన్నుంచి నేర్చుకోవడానికి అంతకంటే ఏమీ లేదు.

చివరగా, డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగారు కదా. ముందు భద్రత, ఈతగాళ్లు, బ్యాటరీ లైట్లు. తర్వాత శబ్దం. తర్వాత నటులు, మొహంలో భయం పట్టుకోగలిగినవాళ్లు. చేపలకు చివర్లో మిగిలింది. షూటింగ్ మొదలుపెట్టే ముందు, ఒక వారాంతం ఒక కొలను, ఫోన్ కెమెరా, వాటర్‌ప్రూఫ్ కవరు, మార్కెట్ రూప్‌చంద్ ఒకటి, ఇద్దరు స్నేహితులు చాలు, ఒకే దాడి సీన్ తీసి ట్రైలర్‌లా కట్ చేయండి. నిర్మాతకు చూపించే ముందు ధ్వని మొత్తం తీసేసి ఒకసారి, దృశ్యం మొత్తం తీసేసి ధ్వని మాత్రమే పెట్టి ఒకసారి చూడండి, వినండి. రెండోదానికి భయం వేస్తే స్క్రిప్టు పట్టుకుని నిర్మాత దగ్గరికి వెళ్లండి. వేయకపోతే ఆ వారాంతం ఖర్చుతోనే సరిపోయింది, సీన్ మళ్లీ రాసుకోండి.